పాత బోర్డు, పెద్ద డిస్కు: పారేసే ముందు, తగిలించే ముందు



పోయిన వారం మన వాట్సాప్ గ్రూపులో జరిగిన వాదన అందరూ చూసినారు. సంఘం కార్యాలయంలోని పాత కంప్యూటరు నిండిపోయింది, 4 టీబీ హార్డ్ డిస్కు ఒకటి కొని తగిలిద్దాం అని కొందరు. అది పాత మదర్‌బోర్డు, అంత పెద్ద డిస్కును తీసుకోదు, పెట్టెను పాత సామాన్లవాడికి వేసేసి కొత్తది కొందాం అని ఇంకొందరు. అంగడివాడు కూడా ఈ రెండో మాటే చెప్పినాడంట. అమ్మేవాడు ఇంకేమి చెప్తాడు? పాత కాగితాల పని చూస్తున్న మేము నలుగురం ఆ రోజు ఏమీ రాయలేదు. ఫోనులో రెండు వరుసల్లో తేలే సంగతి కాదు గనుక ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పొడుగైతే ఓపిక పట్టండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. ఆ కంప్యూటరును పారేయకూడదు. పరీక్ష చేయకుండా దానికి 4 టీబీ డిస్కును తగిలించనూ కూడదు. మమ్మల్ని అడిగితే 4 టీబీ ఒకటి కాదు, 2 టీబీలు రెండు కొనమంటాము. ఎందుకో కింద వివరంగా రాసినాము.

మేము నలుగురమూ రిటైరైన వాళ్ళం. ఇద్దరం రైల్వేలో రిజిస్టర్లు రాసినవాళ్ళం. బడిలో చదివింది అందరమూ తమిళ మీడియమే. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక సంఘం క్లాసుల్లో నేర్చుకున్నాము. కంప్యూటరు చదువు ఎవరికీ లేదు. కానీ లెక్క తప్పితే ఏమవుతుందో, గడి చాలకపోతే గుమాస్తా ఏమి చేస్తాడో మాకు బాగా తెలుసు. ఈ హార్డ్ డిస్కు సంగతి అంతా ఆ గడి చాలకపోవడం గురించే.

ముందు ఆ పెట్టెలో ఏముందో గుర్తు చేస్తాము. మన తాతల కాలపు చందా పుస్తకాలు, పెండ్లి రిజిస్టర్లు, కార్డులు, ఉత్తరాలు. ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చి, స్కాన్ చేసి, తిరిగి ఇచ్చినవి. ఇచ్చిన ఇండ్లలో కొన్ని ఇప్పుడు లేవు, కాగితాలు చెదలు తినేసినవీ ఉన్నాయి. ఆ పుటలు మిగిలింది ఆ డిస్కులోనే. తర్వాత పెండ్లి పాటలు, జోల పాటలు పాడిన మన అవ్వల గొంతులు. ఆ పాడినవాళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. మూడోది వీడియో. చిన్న క్యాసెట్లు, మినీ డీవీ అంటారు, వాటిలో తీసిన పెండ్లిళ్ళూ సంఘం వార్షికోత్సవాలూ ఇంకా సగం ఎక్కించాల్సినవి ఉన్నాయి.

ఆ క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించడానికి ఫైర్‌వైర్ అనే ఒక తీగ కావాలి. దాని కార్డు పాత పీసీఐ గాడిలో కూర్చుంటుంది. ఇప్పుడు అంగట్లో దొరికే కొత్త బోర్డుల్లో చాలావాటికి ఆ గాడి లేదు. మన స్కానరుకూ పాత విండోస్ డ్రైవరే ఉంది, కొత్త విండోస్‌కు కంపెనీ ఇవ్వలేదు. కొత్త కంప్యూటరు కొంటే స్కానరూ కొత్తది కావాలి, క్యాసెట్లకు వేరే దారీ వెతకాలి. పాత పెట్టెను పాత సామాన్లవాడికి వేస్తే వచ్చేది నాలుగు రూకలు, పోయేది ఈ దారి. కాబట్టి మొదటి వాదం మాకు సమ్మతం కాదు.

ఇక రెండో సంగతి. పాత బోర్డు పెద్ద డిస్కును తీసుకుంటుందా లేదా?

హార్డ్ డిస్కులో చిన్న చిన్న గదులు ఉంటాయి, సెక్టార్లు అంటారు. ఒక్కో గదిలో 512 బైట్లు పడతాయి. ప్రతి గదికీ ఒక నంబరు. కంప్యూటరు ఏది రాయాలన్నా, చదవాలన్నా ఫలానా నంబరు గది అని డిస్కుకు చెప్తుంది. ఆ నంబరు రాయడానికి ఎన్ని గళ్ళు ఉన్నాయో అంతవరకే దాని చూపు.

రైల్వేవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. 2010 డిసెంబరు 20న రైలు నంబర్లు నాలుగు అంకెల నుంచి అయిదు అంకెలకు మారినాయి. మన పాండియన్ ఎక్స్‌ప్రెస్ 2638 పోయి 12638 అయింది. అచ్చు ఫారంలో నాలుగు గళ్ళే ఉంటే మనిషి పక్కన అంచులో ఒక అంకె ఇరికించి రాస్తాడు. యంత్రానికి ఆ తెలివి లేదు. అయిదు అంకెల నంబరు ఇచ్చి నాలుగు గళ్ళే పెడితే అది ముందు అంకెను వదిలేస్తుంది. 10005 నంబరు గదికి పోవాల్సిన సరుకు 0005 గదిలో దిగుతుంది. అక్కడ ముందే ఉన్న సరుకు ఏమవుతుంది? దానిమీదే ఇది పడుతుంది. ఎవరూ అరవరు, ఎర్ర దీపం వెలగదు.

కంప్యూటర్లలో ఈ గళ్ళు చాలకపోవడం ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది. 528 ఎంబీ దగ్గర ఒకసారి, 8.4 జీబీ దగ్గర ఒకసారి, కొన్ని బోర్డుల్లో 33.8 జీబీ దగ్గర ఇంకోసారి. అవి ఇప్పుడు మనకు అక్కరలేదు. అక్కరకు వచ్చేవి రెండే. నంబరుకు 28 బిట్లు ఉన్న కాలంలో సుమారు 26 కోట్ల 84 లక్షల గదులు, అంటే 137 జీబీ, అక్కడితో ఆగిపోయేది. తర్వాత దాన్ని 48 బిట్లు చేసినారు, అది ఇప్పట్లో నిండేది కాదు. 2001లో వచ్చిన మొదటి విండోస్ ఎక్స్‌పీకి ఈ 48 బిట్ల సంగతి సరిగా తెలియదు. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో సరిపోయింది. ఆ మధ్యలో పెద్ద డిస్కు తగిలించి, 137 జీబీ దాటి రాసి, ఉన్న ఫైళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు లోకమంతా ఉన్నారు.

రెండోది 2.2 టీబీ. ఇది డిస్కు మొదట్లో ఉండే భాగాల పట్టిక వల్ల వచ్చిన హద్దు. ఎంబీఆర్ అనే పాత పట్టికలో గది నంబరుకు 32 బిట్లే చోటు. సుమారు 429 కోట్ల గదులు, ఒక్కోటి 512 బైట్లు, గుణిస్తే 2.2 టీబీ వస్తుంది. ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. దీనికి మందు జీపీటీ అనే కొత్త పట్టిక.

అంగడివాడు చెప్పినదానిలో సగం నిజం ఇక్కడే ఉంది. జీపీటీ పట్టిక ఉన్న డిస్కు నుంచి విండోస్ మొదలు కావాలంటే బోర్డులో పాత బయోస్ చాలదు, యూఈఎఫ్‌ఐ ఉండాలి, విండోస్ కూడా 64 బిట్లది కావాలి. మామూలు బోర్డుల్లో యూఈఎఫ్‌ఐ విరివిగా వచ్చింది 2011 నుంచి. మన కార్యాలయం పెట్టె జీ41 చిప్‌సెట్ బోర్డు, అంతకు ముందుది. దాన్ని 4 టీబీ డిస్కు నుంచి మొదలుపెట్టాలనుకుంటే కుదరదు, నిజమే. కానీ అట్ల మొదలుపెట్టమని ఎవరు అడిగినారు? విండోస్ ఉన్న పాత చిన్న డిస్కు దాని పాటికి అది ఉంటుంది. పెద్ద డిస్కు పక్కన రెండోదిగా, కాగితాలు దాచే గోదాముగా మాత్రమే కూర్చుంటుంది. అప్పుడు బయోస్‌తో పని చాలా తక్కువ. విండోస్ 7 జీపీటీ డిస్కును 32 బిట్లలో అయినా చదువుతుంది, రాస్తుంది. ఇంత మాత్రం చెప్పకుండా బోర్డే మార్చాలి అన్నవాడిని మేము నమ్మము.

అట్లని ఊరికే తగిలించండి, ఏమవుతుంది అన్నవాళ్ళ మాటా మాకు నచ్చలేదు. చాలామంది పొరపడేది ఇక్కడే. డిస్కు కనిపించింది గదా, సైజు కూడా చూపిస్తోంది గదా, సరిపోయింది అనుకుంటారు. కనిపించడం వేరు, మోయడం వేరు. బోర్డు బాగుండి, విండోస్ బాగుండి, మధ్యలో ఉన్న డ్రైవరు పాతదైతే చాలు, నంబరు అక్కడ తెగుతుంది. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవరు 10.1 కంటే పాతదైతే 2 టీబీ దాటిన డిస్కుకు పనికిరాదు. యూఎస్‌బీ పెట్టెలో పెట్టి వాడితే ఆ పెట్టెలోని చిన్న చిప్ కూడా ఇట్లనే తెంచవచ్చు, పాత పెట్టెల్లో చాలావాటికి 2 టీబీయే హద్దు.

ఎట్ల తెలుస్తుందంటే, విండోస్ చూపించే అంకెలే చెప్తాయి. 4 టీబీ డిస్కును విండోస్ తన లెక్కలో సుమారు 3,726 జీబీ అని చూపించాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 2,048 జీబీ ఒక ముక్క, దాని పక్కన ఇంకో 1,678 జీబీ వాడలేని ముక్క కనిపిస్తే అది పట్టిక సంగతి. ఎంబీఆర్ పెట్టినారు, జీపీటీ పెట్టాలి, డిస్కు ఖాళీగా ఉంటే భయం లేదు. అట్ల కాకుండా మొత్తం డిస్కే 1,678 జీబీ అని చూపిస్తే నంబరు ఎక్కడో తెగిందని అర్థం. 3 టీబీ డిస్కు అయితే 746 అని చూపిస్తుంది. అట్ల కనిపిస్తే వెంటనే ఆపి, తీసేయండి. ఏమీ రాయకండి. ఇంతకు ముందే దానిలో ఏదైనా ఉంటే అసలు ముట్టుకోకండి. కొన్ని బోర్డుల్లో బయోస్ తెరమీద మాత్రం తప్పు అంకె వస్తుంది, విండోస్‌లో సరిగ్గా ఉంటుంది. మనకు విండోస్ చూపించేదే ముఖ్యం.

అంకె సరిగ్గా కనిపించినా మా పరీక్ష అయిపోలేదు. ఖాళీ డిస్కులో హద్దు దాటేదాకా రాసి, రాసింది తిరిగి చదివి చూడాలి. దానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. డిస్కు నిండా ఒక్కో జీబీ ఫైళ్ళు రాసుకుంటూ పోయి, మళ్ళీ మొదటినుంచి చదివి, రాసిందే ఉందా లేదా చెప్తుంది. నంబరు తెగుతూ ఉంటే ఇక్కడ దాక్కోలేదు. సంతలో చవకగా అమ్మే 2 టీబీ పెన్ డ్రైవు అసలుదా నకిలీదా అని కూడా ఇదే చెప్తుంది, అది వేరే కథ. సమయం మాత్రం పడుతుంది. సెకనుకు 120 ఎంబీ చొప్పున 4 టీబీ రాయడానికి 9 గంటలు దాటుతుంది, చదవడానికి మళ్ళీ అంతే. యూఎస్‌బీ 2.0 మీద అయితే రాయడానికే ఒకటిన్నర రోజు. ఎవరికి ఓపిక అని అడిగినారు ఒక తమ్ముడు. మేము నలుగురం ఉన్నాము, పింఛనుదార్లకు వేరే పని ఏముంది?

ఇంత పట్టు ఎందుకంటే, నంబరు తెగితే మొదట పోయేది డిస్కు మొదట్లో ఉన్నది. అక్కడ ఉండేది పట్టిక, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే జాబితా, ఆ తర్వాత మనం మొట్టమొదట ఎక్కించినవి. మనం మొదట ఎక్కించింది ఏది? అన్నిటికంటే పాత రిజిస్టర్లు. 2.2 టీబీ నిండేదాకా అంతా బాగానే ఉంటుంది, ఒక ఏడాది, రెండేళ్ళు. ఆ తర్వాత ఒక రోజు ఎవరో ఒక పెండ్లి వీడియో ఎక్కిస్తారు, తాత చేతిరాత పోతుంది.

ఇప్పుడు మా లెక్క చూడండి. 4 టీబీ కావాలన్నవాళ్ళు ఎంత సరుకు ఉందో లెక్క వేసినారా? మేము వేసినాము. ఏ4 కాగితం 600 డీపీఐ రంగుల్లో, కుదించకుండా దాస్తే పుటకు 104 ఎంబీ. స్కాన్ అయినవీ కావాల్సినవీ కలిపి సుమారు 9,000 పుటలు, అంటే 940 జీబీ. మినీ డీవీ గంటకు 13 జీబీ, 38 క్యాసెట్లు, ఒక్కోటి గంట అనుకుంటే 494 జీబీ. మంచి నాణ్యతలో పాటల రికార్డు గంటకు ఒక జీబీ, 60 గంటలకు 60 జీబీ. అన్నీ కూడితే 1.5 టీబీ. 2 టీబీ డిస్కులో పట్టి, ఇంకా నాలుగైదు వందల జీబీ మిగులుతుంది.

2 టీబీ డిస్కు ఆ 2.2 టీబీ హద్దుకు లోపలే ఉంది. పట్టిక ఏది పెట్టినా, డ్రైవరు పాతదైనా, యూఎస్‌బీ పెట్టె పాతదైనా నంబరు తెగే చోటే రాదు. ఇంకా ఎవరి ఇంట్లోనో ఉన్న ఎక్స్‌పీ కంప్యూటరులో కూడా, సర్వీస్ ప్యాక్ ఉంటే, ఎంబీఆర్ పట్టికతో తెరుచుకుంటుంది. జీపీటీ డిస్కును 32 బిట్ల ఎక్స్‌పీ అసలు తెరవదు. అందుకే రెండు కొనండి అంటున్నాము. ఒకటి కార్యాలయంలో, దాని నకలు ఇంకొకటి వేరే వీధిలో, వేరే ఇంట్లో, బీరువాలో. జీబీ లెక్కన చూస్తే 4 టీబీ చవక అన్నారు కోశాధికారి గారు. నిజమే అన్నా, కానీ 4 టీబీ ఒకటి చచ్చిపోతే అంతా ఒకేసారి పోతుంది. ఆ చవక మనకు వద్దు. క్లౌడులో పెట్టండి అన్న పిల్లలకు: పెట్టండి, మంచిదే, నెల నెలా కట్టేది ఎవరో తేలినాక మాట్లాడదాం.

మీ ఇండ్లలో పాత కంప్యూటర్లు ఉన్నవాళ్ళు అడుగుతూనే ఉన్నారు గనుక, చూసుకునే పద్ధతి కూడా చెప్తాము. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే చిన్న గడి వస్తుంది. దానిలో ఎం, ఎస్, ఐ, ఎన్, ఎఫ్, ఓ, 3, 2 అని కలిపి కొట్టండి. వచ్చే పుటలో బయోస్ తేదీ ఉంటుంది. విండోస్ 8 నుంచి పైవాటిలో బయోస్ మోడ్ అని కూడా ఉంటుంది, లెగసీ అంటే పాత పద్ధతిలో నడుస్తోందని, యూఈఎఫ్‌ఐ అంటే కొత్తది. తేదీ 2002కు ముందుదైతే 137 జీబీ దగ్గరే అనుమానించాలి. 2003 నుంచి 2010 మధ్యదైతే పెద్ద డిస్కు గోదాముగా పనికిరావచ్చు, మొదలుపెట్టడానికి వద్దు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. బోర్డు పేరు తెలిస్తే కంపెనీ వాళ్ళ మాన్యువల్‌లోనే చూడండి. పేరు కోసం సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో మెయిన్‌బోర్డు పుట చూడవచ్చు, లేదా పక్క రేకు విప్పితే బోర్డు మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు ఉంటుంది. విప్పే ముందు కరెంటు తీగ పీకండి.

విప్పినప్పుడు డిస్కు తీగ కూడా చూసుకోండి. వెడల్పుగా పట్టీలాగ ఉంటే ఐడీఈ, సన్నగా ఉంటే సాటా. మీటర్ గేజ్ బండి బ్రాడ్ గేజ్ పట్టా మీద నడవనట్టే దీనిది దానికి ఎక్కదు. ఇప్పుడు కొత్తగా దొరికేది సాటాయే. వీయా కంపెనీ వీటీ8237 చిప్ ఉన్న కొన్ని పాత బోర్డులు కొత్త సాటా డిస్కును గుర్తుపట్టవు. డిస్కు వెనక జంపరు పెట్టి వేగం 1.5కు తగ్గిస్తే పట్టవచ్చు, అన్ని డిస్కులకూ ఆ జంపరు ఉండదు. బయోస్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే, యూపీఎస్ లేకుండా ఆ పనికి పోకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు, మన ఊరి కరెంటు సంగతి మీకు చెప్పాల్సింది లేదు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. యూఎస్‌బీ పెట్టెలో నింపిన పెద్ద డిస్కును బయటికి తీసి నేరుగా బోర్డుకు తగిలిస్తే కొన్నిసార్లు ఖాళీ డిస్కులాగ కనిపిస్తుంది. ఆ పెట్టె చిప్ 512 బైట్ల గదులను 4,096 బైట్ల గదులుగా లెక్క చెప్పి ఉంటుంది, నేరుగా తగిలిస్తే ఆ లెక్క కుదరదు. సరుకు ఎక్కడికీ పోలేదు. అప్పుడు విండోస్ ఇనిషియలైజ్ చేయాలా, ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. చాలామంది సరే అని నొక్కేస్తారు. నొక్కకండి. డిస్కును మళ్ళీ అదే పెట్టెలో పెట్టండి, అన్నీ కనిపిస్తాయి.

మన పాత పెట్టెలో విండోస్ 7 ఉంది, దానికి 2020 జనవరితో కంపెనీ మద్దతు ఆగిపోయింది, వైరస్ వస్తే ఏమిటి అని అడిగినారు ఒక అక్క. సరైన ప్రశ్న. దానికి ఇంటర్నెట్ తీగ పీకేయాలి. అది స్కానింగుకు, క్యాసెట్లకు మాత్రమే. పత్రిక పనికీ, ఈమెయిలుకూ వేరే కంప్యూటరు కావాలంటే కొనండి, మేము అడ్డు చెప్పము.

వచ్చే ఆదివారం కమిటీ సమావేశంలో ఈ ఖర్చు చర్చకు వస్తుంది. రెండు 2 టీబీ డిస్కులు, ఒక సాటా తీగ, బోర్డు మీది గడియారానికి సీఆర్2032 బ్యాటరీ ఒకటి. ఇంతే అడుగుతున్నాము. 4 టీబీయే కావాలని కమిటీ తీర్మానిస్తే అదీ తగిలిస్తాము, కానీ పరీక్ష రెండు రోజులూ పూర్తయ్యేదాకా ఒక్క పుట కూడా దానిలో వేయము. నకలు పెట్టుకోవడానికి బీరువాలో చోటు ఇవ్వగల ఇల్లు ఎవరిదైనా ఉంటే ఆదివారానికి ముందే చెప్పండి. మేడ మీద గది అయితే మంచిది, పోయిన వానాకాలంలో కింది గదుల్లోకి నీళ్ళు వచ్చినాయి.